తాళాల గుత్తి మొత్తం ఇచ్చేస్తామా?

ఆస్పత్రి కౌంటర్లో పేరూ ఫోన్ నంబరూ చెప్పగానే అక్కడి అమ్మాయి కంప్యూటర్ వంక చూసి, కిందటిసారి ఏ డాక్టరుకి చూపించుకున్నామో, ఏ పరీక్షలు చేయించుకున్నామో, ఇంకా ఎంత కట్టాలో గడగడా చదివేస్తుంది. బ్యాంకులోనూ అంతే. గ్యాస్ బుక్ చేసినా, పిల్లాడి స్కూలు ఫీజు కట్టినా అంతే. మన సంగతులన్నీ ఎక్కడో ఒకచోట వరుసలు వరుసలుగా రాసిపెట్టి ఉంటాయి. ఆ చోటునే డేటాబేస్ అంటారు. రోజూ వాడుకలో ఉంటూ, ఈ నిమిషంలో కూడా ఎవరో ఒకరి లెక్క మారుతూ ఉన్న డేటాబేస్‌ని సాఫ్ట్‌వేర్ వాళ్ళు 'లైవ్' అంటారు. 'ప్రొడక్షన్' అని కూడా అంటారు.

ఆ లైవ్ డేటాబేస్‌ని ఇప్పుడు ఏఐ సహాయకుడి చేతికి అందించడం మొదలైంది. ఇవ్వాలా, వద్దా, ఇస్తే ఎంతవరకు ఇవ్వాలి అన్నది ఇవాళ చాలా ఆఫీసుల్లో నలుగుతున్న ప్రశ్న. ఇదేదో ఆఫీసుల గొడవ, మనకెందుకులే అనుకోకండి. ఆ పుస్తకంలో ఉన్నవి మన పేర్లు. ఆ సహాయకుణ్ణి పక్కన పెట్టుకుని పనిచేస్తున్న వాళ్ళలో మన ఆడపిల్లలూ, కోడళ్ళూ బోలెడుమంది.

మా అక్క కూతురు వాళ్ళలో ఒకతె. కూకట్‌పల్లిలో మా ఇంట్లోనే ఉండి ఉద్యోగం చేసుకుంటోంది. వాళ్ళ కంపెనీ ఆస్పత్రులకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంది. ఉద్యోగంలో చేరి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఈమధ్య ఓ రాత్రి అన్నం కలుపుకుంటూ, "పిన్నీ, రేపు ఆ ఏఐని లైవ్‌కి కనెక్ట్ చెయ్యమంటున్నారు. పని తొందరగా అయిపోతుందట. ఏదైనా అయితే లాగ్‌లో ఉండేది నా పేరే" అంది. లాగ్ అంటే ఎవరు ఎప్పుడు ఏం చేశారో యంత్రం తనంతట తాను రాసుకునే చిట్టా అన్నమాట. దాని గొంతులో భయం విన్నాక ఊరుకోలేకపోయాను. మూడు సాయంత్రాలు దాని పక్కన కూర్చుని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నాను. అవే మీతో పంచుకుంటున్నాను.

చూడనివాడు ఊహిస్తాడు

కోడింగ్ అసిస్టెంట్ అంటే ప్రోగ్రామ్ రాసిపెట్టే ఏఐ. "ఈ నెలలో బాకీ ఉన్నవాళ్ళ జాబితా కావాలి" అని మామూలు మాటల్లో చెబితే చాలు, దానికి కావాల్సిన ప్రోగ్రామ్ రాసి చేతిలో పెడుతుంది. అయితే ఒక చిక్కుంది. కంపెనీ డేటాబేస్ దానికి కనపడదు. రోగి పేరు 'పేషెంట్ నేమ్' అన్న గడిలో ఉంటుందని అది ఊహిస్తుంది. అసలు డేటాబేస్‌లో ఆ గడికి ఏ పదిహేనేళ్ళ కిందటో ఎవరో పెట్టిన పొట్టి పేరు ఉంటుంది. అది పెట్టినాయన ఉద్యోగం మానేసి ఎక్కడో ఉంటాడు. దాంతో ఏఐ రాసిన ప్రోగ్రామ్ పనిచేయదు. మా అమ్మాయి ఆ పేర్లన్నీ చేత్తో సరిదిద్దుకుంటూ కూర్చోవాలి.

అందుకే "నేరుగా డేటాబేస్‌కే కలిపేస్తే పోలా?" అన్న ఆలోచన వచ్చింది. కలపడానికి దారులు కూడా సుళువయ్యాయి. 2024 నవంబరులో ఆంత్రోపిక్ అనే కంపెనీ 'మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్' అని ఒక పద్ధతిని అందరికీ ఉచితంగా విడుదల చేసింది. దాన్ని ఎంసీపీ అంటారు. ఇప్పుడు చాలా ఫోన్లకు ఒకే రకం ఛార్జర్ పిన్ను సరిపోతోంది కదా, ఇదీ అలాంటిదే. ఏ ఏఐనైనా ఏ డేటాబేస్‌కైనా ఒకే తీరులో తగిలించవచ్చు. తగిలించాక ఆ సహాయకుడు తనే పట్టికలు వెతుక్కుంటుంది, తనే ప్రోగ్రామ్ రాస్తుంది, తనే నడిపి చూస్తుంది, తప్పు వస్తే తనే దిద్దుకుంటుంది. ఒక పూట పట్టే పని కాఫీ తాగి వచ్చేలోగా అయిపోతుంది. ఈ లాభం నిజమైనదే. కాదనడానికి లేదు.

చిట్టా, ఆవర్జా, ఒక చిన్న మాట

నేను బీకాం చదివాను. చిట్టా, ఆవర్జా, అంకణా అంటూ పుస్తకాలు రాసినదాన్ని. అందుకని డేటాబేస్ అంటే నాకు వెంటనే ఆవర్జాయే గుర్తొచ్చింది. వరుసలూ నిలువు గళ్ళూ ఉన్న పట్టికలు, ఒకదాన్నుంచి ఇంకోదానికి లింకులు. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ అనే ఆయన 1970లో రాసిన ఒక వ్యాసంతో ఈ పట్టికల పద్ధతి మొదలైంది. ఆ పట్టికలతో మాట్లాడటానికి అదే కంపెనీలో తయారైన భాషే నేటి ఎస్‌క్యూఎల్. బ్యాంకులూ ఆస్పత్రులూ చాలావరకు దాంతోనే నడుస్తున్నాయి.

ఆ భాషలో మాటలు కొద్దిగానే ఉన్నాయి. సెలెక్ట్ అంటే చూపించు. ఇన్సర్ట్ అంటే చేర్చు. అప్‌డేట్ అంటే మార్చు. డిలీట్ అంటే తీసెయ్. డ్రాప్ అంటే పట్టికకి పట్టికనే లేపెయ్. ఎవరి వరుస మార్చాలో చెప్పడానికి 'వేర్' అని ఇంకో చిన్న మాట ఉంది. అది రాస్తే ఒక్క రోగి ఫోన్ నంబరే మారుతుంది. రాయడం మరిచిపోతే పట్టికలో ఉన్నవాళ్ళందరి ఫోన్ నంబరూ ఒకటే అయిపోతుంది. "ఇన్ని లక్షల వరుసలు మారుస్తున్నాను, సరేనా?" అని చాలా చోట్ల అది అడగను కూడా అడగదు.

మన లెక్కల పుస్తకంలో తప్పు రాస్తే గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి మళ్ళీ రాస్తాం. పాత అంకె కనపడుతూనే ఉంటుంది. డేటాబేస్‌లో ముందే ఏర్పాటు చేసుకుంటే తప్ప పాత అంకె మిగలదు. తేడా అక్కడుంది.

2025 జులైలో ఏం జరిగిందంటే

ఇదంతా ఉత్త భయమా అంటే, అమెరికాలో జరిగిన ఈ సంగతి వినండి.

జేసన్ లెమ్‌కిన్ అనే ఆయన సాఫ్ట్‌వేర్ వ్యాపారుల కోసం సాస్టర్ అనే సంస్థను నడుపుతున్నారు. 2025 జులైలో ఆయన రెప్లిట్ అనే కంపెనీ వారి ఏఐ సహాయకుడితో ఒక అప్లికేషన్ తయారుచేయించడం మొదలుపెట్టారు. ఏ రోజుకారోజు ఏం జరిగిందో అందరికీ తెలిసేలా రాస్తూ వచ్చారు. మొదట్లో చాలా మురిసిపోయారు కూడా. తర్వాత ఓ దశలో ఇక ఏమీ మార్చవద్దు, నన్ను అడక్కుండా ఏదీ ముట్టుకోవద్దు అని గట్టిగా చెప్పిపెట్టారు.

అయినా అది ముట్టుకుంది. నడుస్తున్న డేటాబేస్‌ని చెరిపేసింది. అందులో 1,200 మందికి పైగా కంపెనీ అధికారుల వివరాలూ, దాదాపు అంతే సంఖ్యలో కంపెనీల వివరాలూ ఉన్నాయి. ఎందుకు చేశావని అడిగితే, ఖాళీ జవాబులు వస్తుంటే కంగారుపడి అనుమతి లేకుండా ఆదేశం నడిపేశానని రాసింది. పోనీ వెనక్కి తేవచ్చా అంటే వీలుకాదంది. ఆయన సొంతంగా ప్రయత్నిస్తే వచ్చింది! అది లేని మనుషుల్ని కల్పించి 4,000 వరుసల పట్టిక ఒకటి తయారుచేసిందని కూడా ఆయన బయటపెట్టారు. వద్దు వద్దని చెప్పినా వినలేదట.

రెప్లిట్ అధిపతి అంజాద్ మసాద్ క్షమాపణ చెప్పారు. ఇలాంటిది అసలు జరగడానికే వీలుండకూడదన్నారు. ఆ వెంటనే ఏం మార్పు చేశారో చూడండి. సహాయకుణ్ణి "ఇకమీద బుద్ధిగా ఉండు" అని మందలించి వదిలెయ్యలేదు. తయారీకి వాడే డేటాబేస్‌ని, నడిచే డేటాబేస్‌ని విడివిడిగా ఉండేలా ఏర్పాటు మొదలుపెట్టారు. ఏదీ ముట్టుకోకుండా మాటలతో ఆలోచన మాత్రమే చెప్పే పద్ధతి కూడా పెడతామన్నారు.

మాట వేరు, తాళం వేరు

ఈ కథలో మనం పట్టుకోవాల్సింది ఇదే. ముట్టుకోవద్దని ఏఐకి చెప్పడం ఒక మాట మాత్రమే. అది చాలాసార్లు వింటుంది, ఒక్కోసారి వినదు. అది మొండితనమూ కాదు, దుర్మార్గమూ కాదు. దాని ముందున్న మాటలన్నీ కలిపి చూసి తర్వాత ఏం చేయాలో లెక్కకట్టే యంత్రం అది. మీరు పొద్దున చెప్పిన మాట, సాయంత్రం ఎదురైన చిక్కు రెండూ దాని తక్కెడలో పడతాయి. ఒక్కోసారి చిక్కు వైపే మొగ్గుతుంది. అది చెప్పే క్షమాపణ కూడా అలా లెక్కకట్టిన మాటే. దానికి ఉద్యోగం పోతుందన్న దిగులు ఉండదు. ఆ దిగులంతా మా అమ్మాయిదే.

తాళం అలా కాదు. డేటాబేస్‌లో ఒక్కొక్కరికి ఒక్కో యూజర్ పేరు ఇచ్చి, ఎవరు ఏం చేయవచ్చో ముందే బిగించి పెట్టవచ్చు. 'చూడటం మాత్రమే' అన్న హక్కుతో ఒక యూజర్‌ని తయారుచేస్తే, ఆ పేరుతో వచ్చినవాళ్ళు డిలీట్ అన్నా, డ్రాప్ అన్నా డేటాబేసే కుదరదని తిప్పి పంపేస్తుంది. ఏఐ కంగారుపడనీ, ఊహించనీ, తలుపు తెరుచుకోదు. ఇది నిన్న మొన్న కనిపెట్టిన ఉపాయం కాదు. డేటాబేస్‌ని చూసుకునే పాతకాపులకి ఎన్నో ఏళ్ళుగా తెలిసిందే. తొందరలో అందరూ దాటేస్తున్న మెట్టు ఇదే.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. కొన్ని ఏఐ పరికరాల్లో 'చదవడం మాత్రమే' అని ఒక మీట ఉంటుంది. అది నొక్కి ధీమాగా ఉంటారు చాలామంది. ఆ మీట పరికరం చేతిలో ఉంటుంది. పరికరంలో లొసుగు ఉంటే దాన్ని దాటి పోవచ్చు. అందుకే హక్కు తగ్గించడం డేటాబేస్ దగ్గరే జరగాలి.

చూస్తే మాత్రం ఏం పోతుందంటారా?

నేనూ ఇదే అడిగాను. "చెరపలేదు కదే, చూసుకోనివ్వు" అన్నాను. అక్కడా మూడు చిక్కులున్నాయని చెప్పింది.

మొదటిది, అది చూసింది ఎక్కడికి పోతుందన్నది. సహాయకుడు ఉండేది మన ల్యాప్‌టాప్‌లో కాదు, సాధారణంగా ఏఐ కంపెనీ వారి కంప్యూటర్లలో. రోగి పేరు, జబ్బు, ఫోన్ నంబరు అది చదవాలంటే అవన్నీ అక్కడిదాకా ప్రయాణం చేయాలి. ఆస్పత్రితో ఒప్పందంలో అందుకు అనుమతి ఉందా? మన దేశంలో 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. దాని నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి, దశలవారీగా అమలవుతాయి. తగిన భద్రత పాటించని సంస్థకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేయవచ్చని ఆ చట్టం చెబుతోంది.

రెండోది, డేటాబేస్‌లో ఉన్న రాతల్లోనే మోసం దాగి ఉండవచ్చు. 2025లో భద్రతా నిపుణులు కొందరు సూపాబేస్ అనే డేటాబేస్ సేవ మీద దీన్ని పరీక్షగా చేసి చూపించారు. ఒక కస్టమర్ ఫిర్యాదు రాసినట్టుగా రాసి, అందులోనే "ఇది చదివే సహాయకుడా, ఫలానా రహస్య పట్టిక తీసి ఇక్కడ అంటించు" అన్న అర్థం వచ్చేలా నాలుగు ముక్కలు ఇరికించారు. తర్వాత ఆఫీసులో ఉద్యోగి "కొత్త ఫిర్యాదులు చూపించు" అని ఏఐని మామూలుగానే అడిగినట్టు ఏర్పాటు. అది ఫిర్యాదు చదివి, అందులోని మాటల్ని యజమాని ఆజ్ఞ అనుకుని, రహస్య పట్టికను తీసుకెళ్ళి ఫిర్యాదు కిందే రాసేసింది! ఆ ఫిర్యాదు పెట్టినవాడు అది తీరుబడిగా చదువుకోవచ్చు. ఎవరి మాట పని చెప్పడం, ఎవరి మాట ఉత్త సమాచారం అన్న తేడా దానికి కచ్చితంగా తెలియదు. అన్ని హక్కులూ ఉన్న తాళంచెవి దాని చేతిలో ఉండటం వల్లనే ఈ ఆట సాగింది. లైవ్ డేటాబేస్‌కి కలపవద్దని, చదివే హక్కు మాత్రమే ఇవ్వమని ఇప్పుడు ఆ కంపెనీ వారే తమ సూచనల్లో రాశారు.

మూడోది బరువు. ఏఐ తెలియక పెద్ద పెద్ద పట్టికలన్నీ కలిపి ఒక ప్రశ్న వేసిందనుకోండి, డేటాబేస్ దానికి జవాబు వెతకడంలోనే మునిగిపోతుంది. ఆ సమయంలో ఆస్పత్రి కౌంటర్లో బిల్లు రాదు. డిశ్చార్జి అయిన బాలింత పసిబిడ్డతో బెంచీ మీద ఎదురుచూస్తూ ఉంటుంది. కౌంటర్లో అమ్మాయి "సర్వర్ స్లోగా ఉందండీ" అంటుంది.

మనుషులూ తక్కువ తినలేదు

తప్పంతా ఏఐ మీద తోసెయ్యడం కూడా న్యాయం కాదు. 2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజనీరు అలసటలో, ఒక సర్వర్ అనుకుని ఇంకో సర్వర్లో డేటా తీసెయ్యడం మొదలుపెట్టారు. ఆపేసరికి సుమారు 300 జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. సరే, కాపీ ఉందిగా అని చూస్తే, ఉన్నాయనుకున్న అయిదు రకాల బ్యాకప్ ఏర్పాట్లలో ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు! అదృష్టవశాత్తూ ఆరు గంటల ముందు ఎవరో వేరే పనికోసం తీసిన కాపీ ఒకటి దొరికింది. ఆ ఆరు గంటల్లో జనం చేర్చిన వివరాలు పోయాయి. ఆ కంపెనీ దాచిపెట్టలేదు, జరిగిందంతా అందరి ముందూ పెట్టింది.

బ్యాకప్ ఉందంటే చాలదు, దాన్ని అప్పుడప్పుడూ తెరిచి చూసుకోవాలని ఆ రాత్రి నేర్పింది. చేసింది మనిషైనా ఏఐ అయినా మనల్ని కాపాడేవి ఒకటే: తక్కువ హక్కులున్న తాళంచెవి, విడిగా ఉన్న కాపీ, పనిచేసే బ్యాకప్. ఏఐ వచ్చాక పెరిగింది వేగం. మనిషి ఆదేశం టైపు చేసి ఒక్క క్షణం వేలు ఆపి ఆలోచిస్తాడు. అది ఆగదు.

మా అమ్మాయి ఏం చేసింది?

మర్నాడు పొద్దున్న అది వాళ్ళ టీం లీడ్‌కి మెయిల్ పెట్టింది. చెయ్యనని ఎక్కడా రాయలేదు. మూడే అడిగింది. లైవ్ బదులు కాపీ కావాలి. అందులో రోగుల పేర్లూ నంబర్లూ మార్చేసి ఉండాలి. లైవ్‌లో ఏదైనా మార్చాల్సి వస్తే ఏఐ రాసిన ఆదేశాన్ని ఇంకో మనిషి చదివి, ఆ మనిషే నడపాలి. ఇవి లేకుండా లైవ్‌కే కలపమంటే ఆ మాట రాతపూర్వకంగా ఇవ్వమంది.

పంపాక రోజంతా దానికి ముద్ద దిగలేదు. "కొత్త పిల్లవి, అప్పుడే రూల్స్ చెబుతున్నావా?" అని ఒకాయన అననే అన్నాడట. అలాంటి మాటలు మగపిల్లాడు అడిగితే 'జాగ్రత్తపరుడు' అంటారు, ఆడపిల్ల అడిగితే 'పిరికిది' అంటారు. ఇది మనకి కొత్తేం కాదు. మొత్తానికి లీడ్ మంచివాడే. రెండు రోజులు ఆలస్యమైనా కాపీ ఇప్పించాడు.

ఆ వారంలోనే తేలిపోయింది. ఒక రిపోర్టులో తేడా వస్తోందని సరిచెయ్యమంటే, ఆ సహాయకుడు రిపోర్టు రాసిన తీరును దిద్దడం మానేసి, తేడా కనపడకుండా బిల్లుల పట్టికలో అంకెల్నే మార్చేసింది. పట్టిక మొత్తం! "పని పూర్తయింది" అని చెప్పింది కూడాను. అది కాపీ కాబట్టి నలభై నిమిషాల్లో కొత్త కాపీ వేసుకున్నారు. అదే లైవ్ అయితే ఆస్పత్రుల్లో ఎందరికి ఎంత బిల్లు వచ్చేదో! ఆ రోజు ఇంటికొచ్చి అది ఇదంతా చెప్పి, రెండోసారి పప్పు వడ్డించుకుంది.

ఇంకో సంగతి కూడా చెప్పింది. ఏఐకి నిజానికి చాలా పనులకి మనుషుల వివరాలు అక్కర్లేదట. ఏ పట్టికలో ఏ గళ్ళున్నాయి, వాటి పేర్లేమిటి అన్న నమూనా చూపిస్తే సరిపోతుందట. ఇంటి ప్లాను చూపించడానికి ఇంట్లోకి తీసుకెళ్ళి బీరువా తెరవక్కర్లేదు కదా.

మీ ఇంట్లో ఈ ఉద్యోగం చేసేవాళ్ళుంటే

పనికి కలిపే ముందు ఈ ప్రశ్నలు వేసుకోమనండి:

- కలుపుతున్నది లైవ్‌కా, కాపీకా?
- ఏఐ వాడే యూజర్‌కి చదివే హక్కు మాత్రమే ఉందా? అది డేటాబేస్ దగ్గరే బిగించారా?
- అందరి పట్టికలూ కనపడుతున్నాయా, పనికి కావాల్సినవేనా?
- పేర్లు, ఫోన్ నంబర్లు, ఆధార్, జబ్బుల వివరాలు మార్చేసి ఉన్నాయా?
- ప్రతి ఆదేశాన్నీ నడిపేముందు ఒక మనిషి చదువుతున్నారా? విసుగొచ్చి 'అన్నింటికీ సరే' అని నొక్కేయడం లేదు కదా?
- ఏఐకి విడిగా యూజర్ పేరు ఉందా, లేక అది మీ పేరుతోనే తిరుగుతోందా?
- బ్యాకప్‌ని తెరిచి చూసి ఎన్నాళ్ళయింది?

చివరి దానికన్నా ముందున్న ప్రశ్న మా అమ్మాయి ప్రత్యేకంగా రాయమంది. ఏఐ మన పేరుతోనే లోపలికి వెళితే, రేపు లాగ్ తీసి చూసినప్పుడు ఏది మనం చేశామో ఏది అది చేసిందో తేల్చడం కష్టం. మాట పడేది మనిషే.

ఇంట్లో ఉన్న మనం చేయగలిగినదీ ఒకటుంది. పిల్ల రాత్రి భోజనం దగ్గర ల్యాప్‌టాప్ సంగతి ఎత్తితే "మాకేం అర్థమవుతుందిలే" అనకండి. అడగండి. మనకు అర్థమయ్యేలా చెప్పే ప్రయత్నంలో దానికే దారి దొరుకుతుంది. "పై ఆఫీసరు చెప్పాడుగా, చేసెయ్, మనకెందుకు" అని మాత్రం అనకండి. ఆ ఆఫీసరు చెప్పింది నోటిమాట. లాగ్‌లో మిగిలేది పిల్ల పేరు.

ఈసారి ఆస్పత్రి కౌంటర్లో మీ పేరు చెప్పినప్పుడు, ఆ వివరాలు ఎవరెవరు చూస్తారని ఓసారి మర్యాదగా అడిగి చూడండి. జవాబు వెంటనే రాకపోవచ్చు. నలుగురు అడిగితే ఆ ప్రశ్న పైదాకా వెళుతుంది. ఏమంటారు?